రెండు మోకాళ్ల బేరం

జనగామలో ఆరు నలభైకి రావాల్సిన ప్యాసింజరు ఏడుంబావుకు వచ్చింది. ఆలస్యానికి ఎవరూ క్షమాపణ చెప్పలేదు. మా దుకాణంలో అరగంట ఆలస్యంగా షట్టరు ఎత్తితే వీధంతా కారణం అడుగుతుంది. నేనూ మా ఆవిడ విజయా ఎక్కాం. టిక్కెట్టు ఇద్దరికీ కలిపి ఒక పూట టిఫిను ఖర్చంత కూడా కాలేదు. చవక కదా అని సీటు ఆశించకండి.

ఈ ప్రయాణానికి కారణం నా కుడి మోకాలు. ఏడాదిగా నొప్పి. బజార్లో ఎవరు అడిగినా చెప్పు కరిచిందని చెబుతూ వచ్చాను. బట్టల దుకాణదారు కుంటుతున్నాడని తెలిస్తే చాలు, షట్టరు కిరాయికి ఇస్తావా అని అడిగేవాళ్లు బయల్దేరతారు. ఎదురు దుకాణం నర్సింలు ఇప్పటికే నా షట్టరు వెడల్పును కళ్లతో రెండుసార్లు కొలిచాడు.

మొన్న ఎండాకాలం నగరం నుంచి ఒక పెద్ద ఆసుపత్రి వాళ్లు వచ్చి మా ఊరి ఫంక్షన్ హాల్లో ఉచిత మోకాళ్ల క్యాంపు పెట్టారు. యాభై దాటిన ప్రతివాడికీ రెండు మోకాళ్లూ పోయాయన్నారు. నాకూ అదే చెప్పారు. రెండూ ఒకేసారి చేయించుకుంటే రెండోదానికి తగ్గింపు ఇస్తామన్నారు. దసరాకు చీర కొంటే జాకెట్టు ముక్క ఉచితమని నేను రాసిన బోర్డే నాకు గుర్తొచ్చింది. ఆ బోర్డు రాసినవాడిని కాబట్టే నేను నమ్మలేదు.

ఆపరేషనంటే నాకు భయం లేదు. దుకాణంలో గద్దె పోతుందనే భయం. తెల్ల దుప్పటి పరిచిన ఆ గద్దె మీద బాసింపట్టు వేసుకుని మా నాన్న బట్టలమ్మాడు, ముప్ఫై ఏళ్లుగా నేను అమ్ముతున్నాను. మార్చిన మోకాలితో కింద కూర్చోకూడదట. కూర్చోలేని గద్దెకు యజమాని ఎందుకు? సికింద్రాబాదులో ఒక డాక్టరమ్మ ఉంది, తొందరపడి కత్తి పట్టదు అని మా వియ్యంకుడు చెప్పాడు. రెండు మోకాళ్లని బేరమాడి సున్నాకు దించాలన్న ఉద్దేశంతో బయల్దేరాను.

భువనగిరిలో మాకు సీటు దొరికింది. అక్కడే ఎక్కిన ఒక పెద్దావిడ నా మోచేతిని పక్కకు నెట్టి కూర్చుంది. రెండు మోకాళ్లూ మార్పించుకుందట.

"నడకైతే మంచిగనే ఉంది బిడ్డా. గని కింద కూసుండ రాదు. బతుకమ్మ కాడ అందరు నేల మీద కూసుంటే నేనొక్కదాన్నే కుర్చీల కూసుంట, సర్పంచ్ లెక్క."

"నొప్పి పోయిందా అవ్వా?" అని విజయ అడిగింది.

"పోయింది. దాంతోని ముచ్చట్లు సుత పోయినయి. కుర్చీకాడికి ఎవ్వరు రారు."

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

సికింద్రాబాదులో తొమ్మిదిన్నరకు దిగాం. స్టేషను ఎదుట ఇడ్లీ తిన్నాం. సాంబారు గిన్నెలో మునక్కాడ కోసం వెతకొద్దు, అక్కడ ఉండదు. ఆటోవాడు రెజిమెంటల్ బజారుకు ఎనభై అడిగితే యాభైకి దించి, గెలిచినవాడిలా కూర్చున్నాను. రెండు మలుపులు తిరగ్గానే దించేశాడు. స్టేషను నుంచి నడిచినా పది నిమిషాలే. ఆటో ఎక్కింది మా ఆవిడ అలసిపోతుందనే అని చెప్పుకున్నాను. ఆమె ఎండను చూసి నవ్వుకుంది.

డాక్టరమ్మ క్లినిక్కు కుర్చీలమ్మే దుకాణం పైన, మొదటి అంతస్తులో ఉంది. మోకాళ్ల డాక్టరు మేడ మీద కొలువుండటం చూసి నాకు నవ్వొచ్చింది. కింద టోకెన్లిచ్చే అమ్మాయి, "వెనక లిఫ్టు ఉంది అంకుల్, ముందర మెట్లున్నయి. దేంట్ల పోతరు?" అని అడిగింది. మెట్లే అన్నాను. పద్దెనిమిది మెట్లు. పళ్లు బిగబట్టి, గొంతులో ఏదో పాట తీస్తూ ఎక్కాను.

ఇక్కడ నా వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. కొనేవాడు నచ్చిందని చూపిస్తే ధర పెరుగుతుంది. అవసరం ఉందని చూపిస్తే ఇంకా పెరుగుతుంది. అందుకే విజయకు ముందే చెప్పాను: "చీరల దుకాణంల లెక్కనే. నువ్వు నోరు తెరవకు."

గోడల మీద సన్మానాల ఫొటోలు ఒక్కటీ లేవు. సరుకు లేని దుకాణం అనుకున్నాను. డాక్టరమ్మకు అరవై ఉంటాయి. నెరిసిన జుట్టు, కాళ్లకు కాన్వాసు బూట్లు. క్యాంపు వాళ్లు తీసిన ఎక్స్‌రే నేను ముందుకు తోస్తే పక్కన పెట్టింది.

"ఫిల్ము తర్వాత. మోకాళ్లతో మీకేం పని?"

"దుకాణం మేడం. మామూలు పనే."

"నొప్పి రాత్రి నిద్ర లేపుతుందా?"

"లేదు మేడం."

"మెట్లు?"

"ఎన్నైనా ఎక్కుత. ఇప్పుడు ఎక్కి వచ్చింది చూడలే?"

గదిలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడవమంది. పెళ్లికొడుకు నడిచినట్టు నడిచాను. మోకాలిని నొక్కి చూసింది. ప్రాణం పోయినంత పనైనా ముఖం కదపలేదు. రేటు విని ముఖం కదపకపోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. అప్పుడు ఎక్స్‌రేని వెలుతురుకు పెట్టి చూసింది.

"కుడివైపు బాగానే అరిగింది. కానీ నేను ఫిల్ముకి ఆపరేషన్ చేయను, నొప్పికి చేస్తాను. మీకు నొప్పి లేదంటున్నారు. అయితే ఏమీ అక్కర్లేదు. వెళ్లి రండి."

రెండు మోకాళ్లు ఒక్క మాటతో సున్నాకు దిగాయి. మెట్లవైపు నడుస్తుంటే నాకు అనుమానం పట్టుకుంది. మొదటి మాటకే అమ్మేవాడు సరే అన్నాడంటే కొన్నవాడు మోసపోయినట్టే. ముప్ఫై ఏళ్లుగా ఆ సరే అనేది నేను. ఈసారి వినాల్సి వచ్చింది.

దిగేటప్పుడు ఏడో మెట్టు దగ్గర మోకాలు పట్టేసింది. రెయిలింగు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. కింద కుర్చీలు తుడుస్తున్న ఆయన ఒకసారి తలెత్తి చూసి మళ్లీ తుడుచుకున్నాడు.

"చెప్పకపోతివి ఆమెకు," అన్నాను విజయతో.

"నోరు తెరవొద్దని మీరే అంటిరి," అంది. "రాత్రి మూడుసార్లు లేస్తరు. స్నానాల గదిల గోడ పట్టుకుంటరు. ఆమె ముందట పెండ్లికొడుకు లెక్క నడిస్తిరి. ఆమెను మోసం చేసిన్నని సంబురపడుతున్నరా? మోకాలు ఆమెదా, మీదా?"

మా పెళ్లయ్యాక ఆమె ఇంత పొడుగు మాట్లాడటం ఇదే మొదటిసారి. రెయిలింగు పట్టుకుని లేచి పైకి బయల్దేరాను. ఏడు మెట్లే. ఈసారి పాట పాడలేదు, ప్రతి మెట్టుకీ రెండు కాళ్లూ చేర్చుకుంటూ ఎక్కాను.

డాక్టరమ్మ మరో పేషెంటును పంపేదాకా బయట కూర్చున్నాను. లోపలికి పిలిచి, నేను తలుపు నుంచి కుర్చీ దాకా నడుస్తుంటే చూసింది.

"ఇది మీ నడక. ఇందాకటిది ఎవరిది?"

అన్నీ చెప్పాను. చెప్పు కరవడం, గద్దె, నర్సింలు. ఆమె నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

"నొప్పి ఎక్కువ చేసి చెప్పేవాళ్లని ఇట్టే పట్టేస్తాను. దాచేవాళ్ల దగ్గర ఓడిపోతాను," అంది. "మిషన్ ఆసుపత్రిలో లారీ యాక్సిడెంట్ల ఎముకలు అతుకుతూ మొదలుపెట్టాను. తర్వాత కీళ్ల పని నేర్చుకుని పెద్ద ఆసుపత్రిలో చేరాను. అక్కడ నెలకిన్ని మోకాళ్లని లెక్క. ఈ బజార్లోనే గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకరికి చేశాను. ఫిల్ము అద్దంలా వచ్చింది. ఆయన మూడు నెలలకు వచ్చి, 'నొప్పి పోయిందమ్మా, నేల మీద కూర్చునే పనీ పోయింది. పాతదే మళ్లీ పెట్టండి' అన్నారు. ఏం పనని నేను ముందు అడగలేదు. ఆ తర్వాత ఆ ఉద్యోగం మానేశాను. ఇప్పుడు కాప్రా దగ్గర చిన్న ఆసుపత్రిలో వారానికి రెండు రోజులే ఆపరేషన్లు."

అప్పటికీ నా నోరు ఊరుకోలేదు. "మేడం, రోజుకు ఒక్క గంట గద్దె మీద సకిలం ముకిలం కూసుంట. అరగంటైనా."

"బేరం లేదండీ. రేపటి నుంచే కింద కూర్చోవద్దు. ఎడమ మోకాలికి వ్యాయామం చాలు. కుడిదానిలో లోపలి పక్క ఒక్కటే పోయింది. రెండు నెలలు వ్యాయామం చేయండి, బరువు దించండి. అప్పటికీ నొప్పి రాత్రి లేపితే ఆ పక్క ఒక్కటే మారుస్తాను. మిగతాది మీదే. కానీ కోసినా కోయకపోయినా గద్దె మీద కుర్చీ వేసుకోవాల్సిందే."

ఒక్కసారే ఫీజు తీసుకుంది. రెండోసారి చూసినందుకు అడగలేదు, నేనూ గుర్తు చేయలేదు. నా బుద్ధి అంత త్వరగా మారేది కాదు.

ఈసారి లిఫ్టులో దిగాం. కింద దుకాణంలో ఎత్తయిన చెక్క కుర్చీ ఒకటి తీసుకున్నాను. వెళ్లిపోతున్నట్టు నాలుగడుగులు వేసి వెనక్కి పిలిపించుకోవడం నాకు వచ్చిన విద్య. కానీ నాలుగడుగులు వేసే ఓపిక లేక అడిగినంతా ఇచ్చాను. కుర్చీలాయన ముఖంలో కనిపించిన సంతోషం నా దుకాణం అద్దంలో రోజూ చూసేదే.

నాలుగున్నర రైల్లో ఎప్పటిలాగే సీటు లేదు. తలుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"సీటు దొరకదని ఇంటికాడి నుంచే తెచ్చుకున్నవా కాకా?" అన్నాడొకడు. పెట్టె అంతా నవ్వింది. చర్లపల్లి దాటాక ఒకడు వచ్చి నా కుర్చీ చేతి మీద తన సంచి పెట్టుకున్నాడు. అనుమతి అడగలేదు. భువనగిరి దాకా నా పక్కనే నిలబడి వాళ్ల అల్లుడి గురించి చెప్పాడు. కుర్చీకాడికి ఎవరూ రారన్న అవ్వ మాట అంత నిజం కాదేమో.

సికింద్రాబాదు గురించి నా అభిప్రాయం అడిగితే, ఆటోలు దండగ, సాంబారు నీళ్లు, డాక్టరమ్మ నోరు కటువు. మోకాలి కోసం వెళ్లేవాళ్లు ఆమె దగ్గరికే వెళ్లండి. మంచి నడక మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి.

జనగామలో దిగేసరికి ఆరుంబావు. ప్లాట్‌ఫారం మీద నర్సింలు. ఎవరినో ఎక్కించడానికి వచ్చాడు. నా కాలినీ కుర్చీనీ మార్చి మార్చి చూశాడు.

"ఏందన్నా, చెప్పు ఇంకా కరుస్తనే ఉందా?"

విజయ నా వైపు చూసింది. ఈసారి కూడా ఆమె నోరు తెరవలేదు.

"చెప్పు కాదు నర్సింలూ, మోకాలు పోయింది," అన్నాను. "జెర ఆ కుర్చీ పట్టుకో. దుకాణం దాకా తేవాలె."