బొంబాయిలో మూడో రోజు

బొంబాయి చూసొచ్చానని ఆ సంవత్సరమంతా బడిలో గొప్పలు పోయాను. రెండంతస్తుల బస్సు ఎక్కాననీ, సముద్రంలో మోకాళ్ల దాకా దిగాననీ, లిఫ్టులో పైకి పోతుంటే కడుపులో ఏదోలా అయిందనీ చెబుతుంటే ఆరో తరగతి ఆడపిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. అన్నీ నిజాలే. మేం అక్కడ ఉన్నది నాలుగు రోజులు. నేను మొదటి రెండు రోజుల సంగతులే తిప్పి తిప్పి చెప్పాను. మూడో రోజు గురించి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను గానీ, రాస్తే బరువు దిగుతుందన్న ఆశ నాకేమీ లేదు.

మాది వరంగల్‌లో నేతగాళ్ల వాడ. బాపు గుంట మగ్గం మీద నూలు చీరలు నేసేవాడు. అమ్మ కండెలు చుట్టేది. నూలు చేనేత సొసైటీ ఇచ్చేది, నేసిన చీర సొసైటీకే పోయేది. మడతపెట్టి అప్పజెప్పాక ఆ చీర ఏ ఊరు పోయిందో, ఎవరు కట్టారో మాకు తెలిసేది కాదు. బాపుకు ఆ ఒక్క విషయంలోనే వెలితి ఉండేది.

"ఇరువై ఏండ్ల సంది నేస్తాన. నేను నేసిన చీర కట్టుకున్న మనిషిని ఒక్కదాన్ని సూడలే" అనేవాడు.

"నేను కట్టుకోలేదా?" అనేది అమ్మ.

"నువ్వు ఇంటిదానివి. నువ్వు లెక్కల రావు" అని నవ్వేవాడు.

బట్ట కనబడితే బాపు చెయ్యి ఊరుకునేది కాదు. పెళ్లికి పోయినా, పీరీల పండుగకు పోయినా ఎదుటి మనిషి బట్ట అంచును రెండు వేళ్ల మధ్యకు తీసుకుని, తిప్పి వెనకవైపు చూసేవాడు. నేత ఎట్లా ఉందో వెనకవైపే తెలుస్తుంది. మా వాడలో అందరిదీ అదే అలవాటు. ఇద్దరు నేతగాళ్లు ఎదురుపడితే బాగోగులు అడగడం కంటే ముందు ఒకరి చొక్కా కొస ఒకరు తిప్పి చూసుకునేవాళ్లు. వదినె వరసైనా, చిన్నమ్మ వరసైనా ఆడవాళ్లు కూడా ఆగి కొంగు చేతికి ఇచ్చి, "ఎట్లున్నదో సూడు" అనేవాళ్లు. అందులో తప్పు ఉండొచ్చని మాలో ఒక్కరికీ ఎన్నడూ తోచలేదు.

ఆ ఎండాకాలం ఒక పడుగు అయిపోయింది, కొత్త నూలు ఇంకా రాలేదు. మగ్గం ఊరికే ఉంది. బొంబాయిలో మిల్లులో పనిచేసే పెద్దబాపు ఎన్నేళ్ల నుంచో రమ్మంటున్నాడు. ఎన్నడూ ఊరు దాటని బాపు ఆ పొద్దు అన్నం తింటూ తింటూ "పోదాం పా" అన్నాడు. అమ్మ నమ్మలేదు. కాజీపేటలో రైలెక్కి కూర్చున్నాక కూడా నమ్మలేదు. నాకప్పుడు పదకొండేళ్లు, తమ్ముడికి నాలుగు.

పెద్దబాపు ఉండేది ఒక్క గది. అందులో వాళ్లు ఆరుగురు, మేం నలుగురం. అయినా ఆ రెండు రోజులు మా వాళ్లలో అంత నవ్వు నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. సముద్రం చూసి బాపు "దీనికి అవతలి అంచు లేదా అన్నా?" అని పెద్దబాపును అడిగాడు. అమ్మ కాళ్లు తడుపుకుని, తమ్ముడి నోట్లో ఒక చుక్క ఉప్పునీళ్లు వేసి, వాడు మొహం వికారంగా పెడితే పడీ పడీ నవ్వింది. "దొంగలుంటరు, సంచి జర పదిలం" అని పెద్దబాపు ఒకటే పోరు పెట్టేవాడు. మేం దొంగలకే భయపడ్డాం. బొంబాయిలో భయపడాల్సింది అదొక్కటే అనుకున్నాం.

మూడో రోజు పొద్దున పెద్దబాపు మమ్మల్ని ఒక పెద్ద బజారుకు తీసుకుపోయాడు. అమ్మకు స్టీలు గిన్నెలు కావాలి. తమ్ముణ్ని ఎత్తుకుని వాళ్లిద్దరూ గిన్నెల దుకాణాల గల్లీలోకి పోయారు. సంచి పట్టుకుని నేనూ బాపూ మూలమలుపు దగ్గర చెప్పుల దుకాణం ముందు నిలబడ్డాం. జనం మమ్మల్ని రాసుకుంటూ పోతున్నారు. బాపు వాళ్ల బట్టలే చూస్తున్నాడు. ఉన్నట్టుండి నా భుజం పట్టుకున్నాడు.

"బిడ్డా, అగో, ఆ చీర మనదే."

దుకాణం మెట్ల దగ్గర ఒకామె మాకు వీపు పెట్టి నిలబడి ఉంది. ఆకుపచ్చ నూలు చీర, మిరపపండు రంగు అంచు. ఆ చీర నాకూ గుర్తే. పోయిన ఏడు అది మగ్గం మీద ఉండగా పిల్లి దూకి కొంగు దగ్గర నాలుగు పోగులు తెంపింది. బాపు రెండు గంటలు కూర్చుని అతికి, ముడులు వెనకవైపుకు తోసి నేశాడు. అవి పక్కపక్కనే, ఏటవాలుగా పడ్డాయి. సొసైటీ మనిషి చీర తీసుకుంటాడో తీసుకోడో అని ఆ వారమంతా ఇంట్లో అదే మాట.

"కొంగు ఎనుక నాలుగు ముడులుంటే మనదే" అన్నాడు బాపు. సంచి నా చేతికిచ్చి ముందుకు నడిచాడు. నేను ఆయన చొక్కా పట్టుకుని వెంటపోయాను.

ఆమెను పిలవాలని, అడగాలని బాపుకు తోచలేదు. మా వాడలో ఎవరూ అడగరు. వెనక నుంచి రెండు వేళ్లతో కొంగు కొస పట్టుకుని తిప్పాడు. భుజం మీద కొంగు లాగినట్టయి ఆమె విసురుగా వెనక్కి తిరిగింది. బాపు ఇంకా కిందికి వంగి చూడనేలేదు, చెంప మీద దెబ్బ పడింది. కొంగు ఆయన వేళ్లలోంచి జారి తిరగబడి నా మొహం ముందుకు వచ్చింది. నేను చూశాను. నాలుగు ముడులు, ఏటవాలుగా.

ఆ తర్వాత గుంపు. ఎవరో మెడ పట్టారు, ఎవరో వీపు మీద గుద్దారు. కానిస్టేబుల్ వచ్చాడు. బాపు ఉర్దూలో చెబుతూనే ఉన్నాడు. నేను నేతగాణ్ని సాబ్, అది నేను నేసిన చీర, వెనక ముడులున్నాయి చూడండి అని. గుంపు గొల్లున నవ్వింది. ఆమె కొంగు నడుముకు చుట్టి బిగించి దోపుకుంది. బాపు తన చేతులు చాపి వేళ్ల మీది కాయలు చూపించాడు. దానికీ నవ్వారు. పెదవి చిట్లి రక్తం వస్తున్నా ఆయన చెప్పడం ఆపలేదు. చివరికి నా వైపు చెయ్యి చూపించి, "మా బిడ్డను అడగండి, దానికి అంతా తెలుసు" అన్నాడు.

అందరూ నావైపు తిరిగారు. గుంపు ముందు వరుసలో నా వయసు పిల్ల ఒకతి తెల్ల సాక్సులు వేసుకుని, ఐస్‌ఫ్రూట్ చీకుతూ నన్నే చూస్తోంది.

"యే తేరా బాప్ హై క్యా?" అన్నాడు కానిస్టేబుల్.

నేను కాదన్నట్టు తల ఊపాను.

భయమేసి అట్లా చేశానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. భయం కాదు. సిగ్గు. ఆ తెల్ల సాక్సుల పిల్ల ముందు, పెదవి పగిలి, చొక్కా చిరిగిన ఆ మనిషి నా తండ్రి అని చెప్పడానికి సిగ్గుపడ్డాను. అంతకంటే గొప్ప కారణం నాకు దొరకలేదు, వెతకడం కూడా మానేశాను.

బాపు నన్ను చూశాడు. కోపంగా చూడలేదు. అంతసేపూ ఆగకుండా చెబుతున్న మనిషి అక్కడితో నోరు మూసుకున్నాడు. కానిస్టేబుల్ రెక్క పట్టుకుని లాగితే వెంటపోయాడు. నేను సంచి పట్టుకుని గిన్నెల గల్లీలోకి పరుగెత్తాను. అమ్మ కనబడగానే, "బాపు కనబడతలేడు. నేను తప్పిపోయిన" అని ఏడ్చాను. ఏడుపొక్కటే నిజం.

పెద్దబాపు ఆరా తీసి పోలీసు చౌకీకి పోయి, తన మిల్లు కార్డు చూపించి, బతిమాలి, సాయంత్రానికి బాపును ఇంటికి తెచ్చాడు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. అమ్మ తడిబట్టతో మొహం తుడుస్తూ అడిగింది.

"బిడ్డ ఎదురుంగనే కొట్టిన్రా?"

నేను గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాను. బాపు నావైపు తిరగలేదు.

"బిడ్డ ఆడ లేదు. అంతకుముందే గుంపుల తప్పిపోయింది" అన్నాడు.

ఆ మాటే మా ఇంట్లో ఖాయమైపోయింది. వరంగల్ వచ్చాక అమ్మ ఎవరికి చెప్పినా అట్లాగే చెప్పేది. పాపం బిడ్డ చూడలేదు, అదొక్కటే నయం అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నేను లేచి బయటికి పోయేదాన్ని.

బాపు మళ్లీ ఎవరి బట్టనూ ముట్టుకోలేదు. ఎదురైన నేతగాడు అలవాటు కొద్దీ చొక్కా కొస అందిస్తే చేతులు వెనక్కి పెట్టుకునేవాడు. వాడలో వాళ్లు ఆయనకు చూపు తగ్గిందనుకుని, దవాఖానలో చూపించుకొమ్మని సలహాలు చెప్పారు. నా పెళ్లికి చీరలు తెచ్చినప్పుడు కూడా అమ్మనే చూడమన్నాడు. నేను కట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డాను. "మంచిగున్నది" అన్నాడు దూరం నుంచే. ఆ చీర కొంగు ఆయన చేతికి ఇద్దామని నా చెయ్యి లేచింది గానీ, ఇవ్వలేకపోయాను.

నాకు తెలిసినదీ ఆయనకు తెలియనిదీ ఒకటి ఉంది. ఆయన నేసిన చీర కట్టుకున్న మనిషిని ఆయన చూశాడు. అది తన చీరో కాదో తెలియకుండానే అన్ని దెబ్బలూ తిన్నాడు. నేను చెబితే ఆయనకు తెలుస్తుంది. చెప్పాలంటే నేను అక్కడ ఉన్నానని ఒప్పుకోవాలి. రోజూ పక్కపక్కనే కూర్చుని తింటూ ఏడేళ్లు చెప్పలేదు. పెళ్లయి వర్ధన్నపేట పోయాక వచ్చినప్పుడల్లా చెప్పాలనుకుని, చెప్పకుండానే బస్సెక్కేదాన్ని.

ఎనభైల మధ్యలో మరమగ్గాల బట్ట ముందు మా చీరలు ఆగలేదు. సొసైటీ నూలు రావడం ఆగిపోయింది. బాపు ఒక గోదాములో కాపలాకు కుదిరాడు. మగ్గం విప్పేసి గుంట పూడుస్తున్నారని తెలిసి వచ్చాను. అమ్మ బయట ఉంది. బాపు ఒక్కడే గుంటలో మట్టి పోస్తున్నాడు. నేను కొంగు దోపుకుని తట్ట అందుకున్నాను. నాలుగైదు తట్టలు పోశాక, ఆయన మొహం చూడకుండా చెప్పాను.

"బాపూ, బొంబాయిల ఆ చీర మనదే. నాలుగు ముడులున్నయి. నేను సూసిన."

పార ఆగింది. తిడితే బాగుండును, కొడితే ఇంకా బాగుండును అనుకున్నాను.

"నువ్వాడ లేవు బిడ్డా" అన్నాడు మెల్లగా. "తప్పిపోయినవు గదా."

"లేదు బాపూ, నేను..."

"నువ్వు లేవు" అన్నాడు మళ్లీ.

నన్ను కాపాడడానికి అన్నాడో, ఆ రోజు నుంచి నన్ను లేనిదాన్ని చేసుకున్నాడో నాకు తెలియలేదు. ఆయన పోయాక ఇక తెలిసే దారి లేదు. ఆ చీర తనదేనన్న మాట మాత్రం నా నోటి నుంచి ఆయన తీసుకోలేదు.

తట్ట ఖాళీ అయింది. ఇంకో తట్ట తెమ్మన్నాడు. తెచ్చి ఇచ్చాను.