మాటలు లేని సంచిక

బసవేశ్వరరావు మాస్టారు ఏదైనా చెప్పబోయే ముందు కళ్ళజోడు తీసేవాడు. పంచె చెంగుతో ఒక అద్దం తుడిచేవాడు, తర్వాత రెండోది. వెలుతురుకేసి ఎత్తి చూసి, మళ్ళీ పెట్టుకుని, "చెప్పకూడదు గానీ..." అనేవాడు. ఆ తర్వాత అంతా చెప్పేసేవాడు.

చెప్పకూడనిది వచ్చే నెల కథ. తెనాలిలో బ్రహ్మానందం నడిపే బొమ్మల మాసపత్రికలో ఆయన 'ఏడు కెరటాల సింగన్న' అనే కథ వేస్తున్నాడు. నెలకు పదహారు పేజీలు. బొమ్మలూ ఆయనవే, బొమ్మల్లో మనుషుల నోటి పక్కన బుడగల్లో రాసే మాటలూ ఆయనవే. సింగన్న జాలరి. అరవై ఏడో సంవత్సరం వేసవిలో వేటకని బయల్దేరినవాడు ఇంకా ఒడ్డు చేరలేదు.

మాస్టారిది జంపని. వరి, మినుము పండించే ఇల్లు. అన్నలిద్దరూ పొలం పట్టుకుంటే ఈయన కుంచె పట్టుకుని తెనాలి హైస్కూల్లో డ్రాయింగు మాస్టరయ్యాడు. రోజూ పొద్దున రేపల్లె నుంచి వచ్చే పాసింజరు జంపనిలో ఎక్కేవాడు. తెనాలికి అరగంట. ఆ అరగంటలో సింగన్న కబురు నలుగురికీ చెప్పకపోతే ఆ పూట ఆయనకు అన్నం సయించేది కాదు.

"నిన్న సొరచేపను వేశానండి. పళ్ళు ఇంకా పెట్టలేదు" అనేవాడు. పెట్టెలో జనం చెవులు రిక్కించేవాళ్ళు. మర్నాడు ఎక్కీ ఎక్కగానే, "పళ్ళు పెట్టేశానండి" అనేవాడు.

వినేవాళ్ళందరిలోకీ గట్టి మనిషి వెంకాయమ్మ. రేపల్లె అవతల సముద్రం ఒడ్డు పల్లె ఆమెది. మొగుడూ తమ్ముళ్ళూ వేటకు వెళితే, ఆమె చేపల బుట్ట తీసుకుని రేపల్లెలో రైలెక్కి తెనాలి బజారుకు వచ్చేది. యాభై దాటాయి. చదువు రాదు. తలుపు పక్కన కింద కూర్చుని, బుట్ట మీద ఒక చెయ్యి వేసుకుని వినేది.

మొదటి సంచిక వచ్చినప్పుడు మాస్టారు ఎంతో సంబరంగా ఆమెకు చూపించాడు. నడిసముద్రంలో పడవ. పడవ మీద సింగన్న నిలబడి పొడుగాటి గెడకర్రతో తోస్తున్నాడు. జంపనిలో పెరిగినవాడికి పడవంటే కాలువలో వడ్ల బస్తాలతో వచ్చే పడవే. దాన్ని గెడ వేసే తోస్తారు.

వెంకాయమ్మ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఏంటి మాస్టారూ ఈ కర్ర?"

"గెడ."

"అది కింద ఆనొద్దా? మీ సింగన్న నాలుగు తాటిచెట్లు ముడేసి తెచ్చుకున్నాడా ఏంటి?"

పెట్టె పెట్టంతా నవ్వింది. మాస్టారు కూడా నవ్వాడు. రెండో సంచికలో ఒక సొరచేప వచ్చి ఆ గెడకర్రను కొరికేసింది. అప్పట్నుంచి సింగన్నకు తెడ్డూ తెరచాపే దిక్కు. మాస్టారు ప్రతి పేజీ ఆమెకు చూపించి, బుడగల్లో మాటలు చదివి వినిపించి, ఆమె ఊఁ అన్నాకే ప్రెస్సుకు ఇచ్చేవాడు.

పదకొండో సంచికలో తుఫాను వచ్చింది. పడవ బోర్లాపడింది. చివరి బొమ్మలో తెడ్డు ఒక్కటే నీళ్ళ మీద తేలుతోంది. ఆ సంచిక వెళ్ళిన కొన్నాళ్ళకు బ్రహ్మానందం ప్రెస్సుకు పిలిపించాడు. ఆయన బల్ల పక్కన తాడు కూడా విప్పని కట్ట ఒకటి ఉంది.

"ఇవేంటో చెప్పండి మాస్టారూ."

"మన పుస్తకాలే."

"రేపల్లె నుంచి తిరిగొచ్చాయి. బాపట్లలో ఒక్కటి మిగల్లేదు. ఇంకా పంపమంటున్నారు. రెండూళ్ళకీ తేడా ఏంటంటారు?"

"బాపట్లవాళ్ళకు కళలంటే కాస్త ఆసక్తి ఎక్కువేమోనండి."

"బాపట్ల రైలు మీరు ఎక్కరు. అదీ తేడా."

మాస్టారు కళ్ళజోడు తీశాడు.

"తుడవకండి!" అన్నాడు బ్రహ్మానందం. "మీరది తుడిచారంటే నాకు గుండె దడ."

ఆయన బాధ అబద్ధం కాదు. పొద్దున రైల్లో చెప్పింది సాయంత్రం రైల్లో రేపల్లె చేరేది. మర్నాటికి చెరుకుపల్లి బస్సెక్కేది. పుస్తకం కొట్లోకి వచ్చేసరికి అందరికీ కథ తెలిసిపోయేది.

"పన్నెండోది కూడా ఇలా తిరిగొస్తే సింగన్న అక్కడితో సరి. నేను నడపలేను" అన్నాడు బ్రహ్మానందం. "మీరు చెయ్యాల్సిందల్లా ఒక్కటే. ఈ ఒక్క నెల నోరు మూసుకోండి. దణ్ణం పెడతాను. ఇంట్లో కూడా చెప్పొద్దు."

"వెంకాయమ్మకు..."

"ముందు ఆవిడకు చెప్పొద్దు. రేపల్లె పోయింది చాలదా, తెనాలి బజారు కూడా పోవాలా?"

మాస్టారు ఒట్టు పెట్టాడు.

మర్నాడు రైల్లో వెంకాయమ్మ బుట్ట పక్కకు జరిపింది. "ఊఁ. తెడ్డు తేలింది. తర్వాత?"

"చెప్పకూడదు."

"గానీ?"

"గానీ లేదు."

తెనాలి బట్టల కొట్లో గుమాస్తా హనుమంతరావు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. "మాస్టారికి గొంతు పట్టేసినట్టుంది. ఎవరన్నా మిరియాల పాలు పట్టించండమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. మాస్టారు కిటికీలోంచి పొలాలు చూశాడు. ఏళ్ళ తరబడి ఆ దారిన వెళుతున్నా ఆ పొలాలను ఆయన అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు.

ఇంట్లో భార్య ఝాన్సీలక్ష్మి మాత్రం సంతోషించింది. "పెళ్ళయ్యాక ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు. ఆ బ్రహ్మానందం గారికి ఒక ముంత పెరుగు పంపనా?" అంది.

ఐదో రోజున వెంకాయమ్మ ఆ పెట్టెలో లేదు. తెనాలిలో దిగాక చూస్తే ఆడవాళ్ళ పెట్టెలోంచి దిగుతోంది. మాస్టారు గబగబా వెళ్ళి అందుకున్నాడు.

"ఏంటి వెంకాయమ్మా, కోపమా?"

"కోపం ఎందుకు బాబూ. పోయాడుగా."

"ఎవరు?"

"సింగన్న." ఆమె బుట్ట కిందికి తలచుట్ట సర్దుకుంటోంది. "మా పల్లెలో పడవ తిరిగి రాకపోతే ఎవరం నోరెత్తం. ఆ ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు బుట్ట చప్పుడు కూడా కానియ్యం. మీరు ఐదు రోజుల నుంచి నోరెత్తట్లేదు. ఇంక అడిగేదేముంది?"

"అయ్యో, అది కాదు."

"అయితే బతికాడా?"

మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడ బ్రహ్మానందం అడ్డంగా నిలబడి ఉన్నాడు. "పుస్తకం వచ్చాక చూద్దువుగా" అన్నాడు మాస్టారు.

"చూస్తే నాకేం తెలుస్తది? అక్షరాలు చదివేవాళ్ళకి. నాకు మీ నోరేగా."

ఆమె బుట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం బళ్ళో ఖాళీ గంటలో మాస్టారు పన్నెండో సంచిక పేజీలు బల్ల మీద పరిచాడు. అప్పటికి అన్నీ పూర్తయ్యాయి. మాటలున్న చోటల్లా అరచెయ్యి అడ్డం పెట్టి చూశాడు. నీళ్ళలో మనిషి. మళ్ళీ నీళ్ళలో మనిషి. మళ్ళీ అదే. ఆఖర్న ఒడ్డు మీద మనిషి. మధ్యలో ఏం జరిగిందో బొమ్మకు తెలియదు. 'గాలి తగ్గింది' అని రాసిన చోట గాలి ఎప్పుడూ వీచినట్టే లేదు. 'మూడు రోజులు గడిచాయి' అని రాసిన చోట ఒక్క పూట కూడా గడవలేదు. పదకొండు నెలలుగా తను కథను గీస్తున్నాననుకున్నాడు. గీసింది సగమే. మిగతా సగం రైల్లో నోటితో పూర్తి చేస్తూ వచ్చాడు.

ప్రెస్సుకు ఇవ్వడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆయన పేజీలన్నీ చుట్టి బీరువా మీద పడేశాడు. ఆ సాయంత్రం కొత్త అట్టలు కొనుక్కుని ఇంటికి వెళ్ళాడు.

ఇంట్లో వాళ్ళమ్మ కోటేశ్వరమ్మ ఉంది. డెబ్బై ఏళ్ళు. అక్షరం ముక్క రాదు. సముద్రం సంగతి అసలే తెలియదు. మాస్టారు రాత్రిళ్ళు గీసిన పేజీలు పొద్దున్నే తెచ్చి, కవ్వం పట్టుకుని కూర్చున్న ఆమె ముందు పెట్టేవాడు.

"ఏంటిరా ఇది?"

"నువ్వే చెప్పమ్మా."

"గడ్డివామి."

"గాలమ్మా అది. తుఫాను గాలి."

"గాలి ఇంత కుదురుగా కూర్చుంటుందా? బాగానే కట్టారు వామి" అని ఆమె మళ్ళీ మజ్జిగ చిలుక్కునేది.

రెండోసారి గీస్తే బొంగరం అంది. మూడోసారి ఆయన గాలిని గీయలేదు. ముందుకు ఎగరబోయి వెనక్కి కొట్టుకుపోతున్న ఒక కొంగను గీశాడు. కోటేశ్వరమ్మ ఆ పేజీ చూస్తూ చూస్తూ ఎడమచేత్తో పమిట భుజం మీదికి లాక్కుంది. మాస్టారు ఆ పేజీని ఇంక ముట్టుకోలేదు.

బొమ్మల్లో మూడు రోజులు గడపడానికి నాలుగు అట్టలు పాడయ్యాయి. చివరకు సింగన్నకు గడ్డం పెంచాడు. "పాపం, మూడ్రోజులైనట్టుంది వీడికి క్షవరం లేక" అంది తల్లి. ఆయన లోపలికి పోయి కాఫీ రెండోసారి తాగాడు.

తొమ్మిదో రోజున బ్రహ్మానందం పదహారు పేజీలూ తిరగేసి, వెనక్కి వచ్చి మళ్ళీ మొదటి పేజీ తీశాడు.

"మాటలేవండీ?"

"లేవండి."

"కంపోజింగు వాళ్ళు ఏం చెయ్యాలి?"

"కూర్చుంటారు."

"ప్రెస్సులో అక్షరాలు అయిపోయాయనుకుంటారు జనం!"

"నన్ను నోరు మూసుకోమన్నారు. మూసుకున్నాను. సింగన్నను కూడా మూసుకోమన్నాను."

బ్రహ్మానందం ఇంకేదో అనబోయి పేజీ తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. ముందున్న టీ మీద మీగడ కట్టింది. "బాపట్లవాళ్ళు తిడతారు" అని మాత్రం అని, పేజీలను అచ్చుకు బ్లాకులు చేసే మనిషికి ఇచ్చాడు.

పుస్తకాలు శుక్రవారం సాయంత్రం రెండూళ్ళకీ వెళ్ళాయి. శనివారం పొద్దున మాస్టారు తెనాలి ప్లాట్‌ఫారం మీద వెంకాయమ్మ ఎదురుగా నిలబడి, ఏమీ అనకుండా ఒక పుస్తకం అందించాడు. ఆమె ముందు ఆయన మొహం చూసింది. తర్వాత బుట్ట దించి, చేతులు చీరకు తుడుచుకుని, స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

ఆయన పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. ఇంత భయం ఆయనకు పెళ్ళిచూపుల్లో కూడా వెయ్యలేదు.

ఆమె వేలు బొమ్మ మీద నుంచి బొమ్మ మీదికి నడుస్తోంది. కొంగ దగ్గర ఆగింది. "గాలి తిరిగింది" అంది తనలో తాను. పేజీ తిప్పింది. గడ్డం దగ్గర నాలుక చప్పరించింది. ఆ తర్వాత పేజీలు ఒక్కొక్కటే తిప్పుకుంటూ పోయింది. మాస్టారు పంచె చెంగు నలుపుతున్నాడు.

"వచ్చాడే! ఒడ్డుకొచ్చాడే!" అని ఆమె అరిచిన అరుపుకు పక్కనున్న చేపల ఆడవాళ్ళు ముగ్గురూ బుట్టలు దించారు. వెంకాయమ్మ వాళ్ళను చుట్టూ కూర్చోబెట్టుకుని మొదటి పేజీ నుంచి కథ చెప్పింది. మాస్టారు వింటున్నాడు. తను గీసిందే చెబుతోంది. ఇంకొంచెం బాగా చెబుతోంది.

"ఈ మూల కూర్చున్న ముసలమ్మెవరు వదినా?" అంది ఒకావిడ, చివరి బొమ్మ మీద వేలు పెట్టి.

ఆ మూల ఖాళీగా ఉందని మాస్టారు ఒక మనిషిని గీసి పెట్టాడు. అంతే.

"ఇంకెవరు? వాళ్ళమ్మ" అంది వెంకాయమ్మ. "మూడ్రోజుల నుంచి అక్కణ్ణుంచి లేవలేదు."

"నీకెట్టా తెలుసు?"

"ఇసకలో అడుగులేవి మరి? నడిచొచ్చిన అడుగులన్నీ గాలికి పూడిపోయినయ్. అంతసేపు కూర్చుంది. గీసినాయన ఎంత తెలివిగా గీశాడో చూడండి!"

మాస్టారు అడుగులు గీయడం మర్చిపోయాడు. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాడు. బొమ్మలో ముసలమ్మ వైపు ఒకసారి చూశాడు. నోరు మూసుకున్నాడు.

"బతికినోడి కబురు చెప్పడానికి ఇన్నాళ్ళు ఏడిపించారు" అని వెంకాయమ్మ తిడుతూనే రెండు చందువా చేపలు బాదం ఆకులో చుట్టి ఆయన చేతిలో పెట్టింది. ఆయన వాటిని పట్టుకునే ఒంటిపూట బడికి వెళ్ళాడు. స్టాఫ్‌రూములో తెలుగు పండితులు కుర్చీ దూరంగా లాక్కున్నారు.

బడి వదిలాక ప్రెస్సుకు వెళితే బ్రహ్మానందం గుమ్మంలోనే ఉన్నాడు. "రేపల్లె కొట్టతను రైల్లో మనిషిని పంపాడండి. ఇంకో యాభై కావాలట. చదువు రానివాళ్ళు కూడా కొంటున్నారట!"

"బాపట్ల?"

"ఒకాయన పుస్తకం పట్టుకుని స్వయంగా వచ్చాడు. అచ్చు సగమే పడింది, మార్చివ్వమంటాడు. అరగంట గొడవ." ఆయన నవ్వుతున్నాడు. "సింగన్న ఇంకో ఏడాది నడుస్తాడు మాస్టారూ. మీ ఒట్టు కూడా గట్టున పెట్టేశాను. కాకపోతే రేపల్లె రైల్లో కాస్త తగ్గించి చెప్పండి. ఇంతకీ వచ్చే నెల ఏంటి?"

"ఇంకా తెలీదండి" అన్నాడు మాస్టారు. బ్రహ్మానందం ఆయన వైపు అనుమానంగా చూశాడు.

మర్నాడు ఆదివారం. మాస్టారు తెనాలిలో దిగి బాపట్ల వెళ్ళే రైలెక్కాడు. బాపట్లలో జట్కా మాట్లాడుకుని సూర్యలంక సముద్రం ఒడ్డుకు చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, మనుషులు లేని వైపు పొడి ఇసుకలో నూరు అడుగులు నడిచాడు. వెనక్కి తిరిగి, తను వచ్చిన దారికి ఎదురుగా కూర్చున్నాడు. చేతి గడియారం విప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు. సముద్రం మీద నుంచి సన్నగా గాలి వీస్తోంది. తన అడుగులు పూడడానికి ఎంతసేపు పడుతుందో చూడడం మొదలుపెట్టాడు.