గంగాళంలో ఉంగరం, ఒడ్డున బి.యస్సీ.

ఈ రోజు ధర్మవరంలో, మా స్నేహితుడు రామాంజి పెళ్ళిలో, భౌతికశాస్త్రానికి ఘోర పరాభవం జరిగింది.

ఉంగరం తీసే ఆటకు బిందె బదులు వెడల్పాటి గంగాళం పెట్టి నీళ్ళు నింపారు. ఉంగరం ఎవరికి దొరికితే కాపురంలో మాట వారిదే. రామాంజి దాన్ని గురిచూసి, కనిపించిన చోటికే చెయ్యి వేసి, రెండుసార్లూ నీళ్ళే పట్టుకున్నాడు. పెళ్ళికూతురు సిగ్గుతో కళ్ళు మూసుకుని, అడుగంతా తడిమి, రెండుసార్లూ ఉంగరం తీసింది.

బి.యస్సీ. చదివిన మావాడు పెళ్ళికూతురి అవ్వకు పాఠం చెప్పాడు. "నీళ్ళల్లో వెలుతురు గాలిలో మాదిరి బిరీన పోదవ్వా. బయటికొచ్చేటప్పుడు వంగుతాది. అందుకే ఉంగరం ఉండే చోటికన్నా పైన కనపడుతాది."

"వెలుతురు నిదానమైతే కానీలే నాయనా, నువ్వెందుకు నిదానమైతివి? ఇంగోసారి పెట్టు చెయ్యి" అందావిడ.

హిందూపురం నుంచి వెళ్ళిన మా అందరి పరువూ ఇక మూడోసారి మీదే. ఈసారి రామాంజి కూడా కళ్ళు మూసుకున్నాడు. ఇద్దరి చేతులూ చాలాసేపు నీళ్ళలోనే ఉండిపోయాయి. చివరికి ఉంగరం పెళ్ళికూతురే తీసింది. మావాడి ముఖంలో మాత్రం ఓడినవాడి ఛాయలే లేవు.

ఆ ఆలస్యానికీ కాంతి వేగమే కారణమంటారా? పెళ్ళయినవారు చెప్పాలి.