కొలనుకు పసుపు పూసిన రోజు

మా అపార్ట్‌మెంట్లలో ఈతకొలను ఉందంటే తిరుపతిలోని మా బంధువులు ఇప్పటికీ నమ్మరు. నమ్మకపోవడమే మంచిది. తిరుచానూరు రోడ్డు పక్కన ఈ నాలుగు బ్లాకులూ కట్టిన పెద్దమనిషి అమ్మకాల కాగితం మీద సముద్రమంత కొలను బొమ్మ వేయించాడు. కట్టి ఇచ్చింది మాత్రం కల్యాణ మండపంలో గంగాళానికి కాస్త పెద్దది. దాంట్లో ఈదినవాళ్ల కంటే దాని ముందు నిలబడి ఫోటో దిగినవాళ్లే ఎక్కువ.

దిగేది నేనూ, కొందరు పిల్లలూ. నాకు మోకాళ్ల నొప్పులు. నీళ్లలో నడవమని డాక్టరు చెప్పాడు. చిత్తూరు జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి చుడీదారుతో నీళ్లలో నడుస్తుంటే, బాల్కనీల్లో బట్టలు ఆరేసే నెపంతో చూసేవాళ్లు. ఆరేసిన తువ్వాలునే నాలుగుసార్లు ఆరేసేవాళ్లు.

కొన్నేళ్లకు కొలను అడుగున తెల్లపూత లేచిపోయి, కొత్తగా గంట్లు కొట్టిన రోలులా తయారైంది. పిల్లల బొటనవేళ్లు చీరుకుపోయేవి. అసోసియేషన్ కమిటీ దీనికి కనిపెట్టిన మందు ఒక బోర్డు. చెప్పులు వేసుకుని నీళ్లలో దిగవలెనని రాయించారు. ఆ బోర్డు రాయించిన ప్రెసిడెంటు మామిడికాయల మండీ ఆసామి. ఆయన ఏనాడూ కొలనులో కాలు తడుపుకోలేదు గానీ కొలను గురించి ఆయనకు తెలియని సంగతి లేదు.

నేను రెండేళ్లు పోరగా పోరగా పాతపూత తీసి కొత్తపూత వేయించడానికి ఒప్పుకున్నారు. మేస్త్రిని కూడా నేనే పిలిపించాను. చిత్తూరు దగ్గరి పల్లెటూరివాడు, నడివయసు మనిషి. చిత్తూరులో మా ఇంటి సంపు అతను కట్టిందే, ఇప్పటికీ చెమ్మ కారలేదు. ఈతకొలను పని అతనికి ఇదే మొదలు. తిరుచానూరులో ఒక లాడ్జి ఆసామి కొలను కట్టించబోతూ, ముందు మా దగ్గర చేసి చూపించమన్నాడట.

"ఆయప్ప వచ్చి కాలు పెట్టి సూస్తానన్నాడమ్మా. ఈ పని బాగా కుదిరితే నాకే ఇస్తాడంట. ఇంక నడుము వంచి సంపుల్లో దూరే పని తప్పుతాది" అన్నాడు మేస్త్రి. అతని నడుము సంగతి నాకు తెలుసు. లేచి నిలబడాలంటే గోడ పట్టుకునేవాడు.

అతనూ, భార్యా, ఇంకో ఇద్దరూ కలిసి పాతపూతంతా చెక్కి పారేశారు. దుమ్ము పోయేదాకా కడిగారు. తెల్ల సిమెంటులో పాలరాతి పొడి కలిపి, గోడలకూ అడుగుకూ తాపీతో పూశారు. మేస్త్రి ఒక్కో జానెడూ పూసి, అరచేయి వెనక్కి తిప్పి తడిమి చూసేవాడు. ఎక్కడ గరుకు తగిలినా మళ్లీ తాపీ ఆడించేవాడు. పని అయ్యాక నేనూ తడిమి చూశాను. తోమిన పళ్లెం మీద చెయ్యి పెట్టినట్టుంది. అంత శ్రద్ధగా పని చేసేవాణ్ణి చూసి చాలా కాలమైంది, నాకు కడుపు నిండినట్టయింది.

"రేప్పొద్దున్నే నీళ్లిడిసేయాలమ్మా. పూత ఆరనీకూడదు" అన్నాడు.

రేపు అష్టమి, ఎల్లుండి నవమి అన్నాడు ప్రెసిడెంటు. దశమి నాడు పొద్దున మంచి ఘడియ ఉందట. సిమెంటుకు తిథులు తెలియవండీ అన్నాను. నేను జోకు వేశాననుకుని అందరూ నవ్వారు. పాపం మేస్త్రి, తడి గోతాలు పరిచి, పూటపూటకీ నీళ్లు చల్లుతూ రెండు రోజులు ఆ పూతను బాలింతను చూసుకున్నట్టు చూసుకున్నాడు.

దశమి పొద్దున పూజ. మా వైపు కొత్త వస్తువు ఇంట్లోకి వస్తే పసుపూ కుంకుమా తప్పవు. స్కూటరుకూ బొట్టే, ఫ్రిజ్జుకూ బొట్టే, మిక్సీకీ బొట్టే. నాకు దాంతో పేచీ లేదు. కానీ గట్టు మీద ఒక టెంకాయ కొట్టి ఊరుకుంటే మావాళ్లు మావాళ్లెలా అవుతారు? ఆడవాళ్లు గిన్నెలతో తడిపసుపు తెచ్చారు. మెట్లకూ, నాలుగు గోడలకూ బెత్తెడు వెడల్పున గడపకు పూసినట్టు పూసుకుంటూ పోయారు.

"అమ్మా, పచ్చిపూతమ్మా. పైన గట్టుకు పూయండి" అని మేస్త్రి చేతులు జోడించాడు. గొంతు పెంచి చెప్పే అలవాటు అతనికి లేదు. గొంతు పెంచనివాడి మాట వినే అలవాటు మావాళ్లకు లేదు.

కాసేపటికి పసుపు ఎర్రబడింది. గోడల మీద నుంచి కారినచోటల్లా ఎర్రటి చారలు. పూజ చేస్తున్నవాళ్లు గంట ఊపడం మానేశారు.

"నెత్తురు మాదిరి ఉండాదే" అన్నారెవరో.

ప్రెసిడెంటు మేస్త్రి మీద పడ్డాడు. "ఏందప్పా ఇది? లోపల ఇనుప కంబీలు తుప్పుపట్టి కారతాండాయి. తుడవకుండానే పూసేసినావు. అంతా పగలగొట్టి మళ్లా పూయాల్సిందే." వెనక నుంచి ఇంకొకాయన, ఆదివారం చర్చికి పోయేవాడి చేత శుభమైన పని చేయిస్తే ఇంతేనని గొణిగాడు. ఆయన ఇంటి గోడలు కట్టినవాళ్లు ఏ గుడికి పోయేవాళ్లో ఆయన అడిగి తెలుసుకున్నట్టు లేదు.

నాకు ఒళ్లు మండింది. పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్లవుతాయని ఆ ఆడవాళ్లందరికీ తెలుసు. పెళ్లికూతురికీ, పసిబిడ్డకూ దిష్టి తీయడానికి చేత్తో కలిపేవాళ్లే. పళ్లెంలో తెలిసినది గోడ మీద తెలియలేదు. సిమెంటు నిండా ఉన్నది సున్నం గుణమే.

"పసుపేనమ్మా అది" అన్నాడు మేస్త్రి, నా వైపు చూసి. "నీళ్లిడిసి, నాలుగెండలు తగలనిస్తే అదే పోతాది."

నూటికి నూరుపాళ్లు నిజం. పసుపు మరక పడిన పంచెను ఎండలో వేసే ప్రతి ఇల్లాలికీ తెలిసిన సంగతే. మేస్త్రి చెప్పింది సరైనదే, నీళ్లు వదలండి అంటే సరిపోయేది. కానీ ముప్పై ఏళ్లు నల్లబల్ల ముందు నిలబడిన మనిషిని. నలుగురు మూర్ఖులు వరసగా దొరికితే పాఠం చెప్పకుండా ఎలా ఉంటాను?

పూజ పళ్లెంలోని నిమ్మకాయ కోసి మెట్టు దిగాను. ఎర్రమరక మీద పిండాను. చూస్తుండగానే అది పసుపుపచ్చగా మారింది. చప్పట్లు కొట్టారు. క్షారమంటే ఏమిటో, ఆమ్లమంటే ఏమిటో చెప్పాను. ఇది ఇంటర్లో తప్పినవాళ్లకు కూడా వస్తుందని ప్రెసిడెంటు ముఖం మీదే అన్నాను. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

"పులుపు ఈ పూతకు పడదమ్మా" అన్నాడు మేస్త్రి మెల్లగా.

"ఒక్క చుక్కకే ఏమవుతుందిలే" అన్నాను. కొళాయి తిప్పించి అతను ఊరికి బస్సెక్కాడు. నేనూ పెన్షన్ కాగితాల పని మీద చిత్తూరు వెళ్లి రెండు రోజులు ఉండిపోయాను.

తిరిగి వచ్చేసరికి కొలను నిండుగా ఉంది. గోడలు మల్లెపువ్వులా ఉన్నాయి. ప్రెసిడెంటు ఎదురొచ్చాడు. "మీరు సెప్పినట్టే సేసినాం మేడమ్. నీళ్లు ఆపేసి, గూడూరు నిమ్మకాయలు ఒక మూట తెప్పించి గోడలూ అడుగూ మొత్తం పిండి రుద్దించినాం. పచ్చగా అయినట్టే అయ్యి మళ్లా ఎర్రబడె. మళ్లా రుద్దించినాం. మూడుసార్లకు తెల్లగా అయిపోయె."

చెప్పులు విడిచి మెట్టు దిగాను. అరికాలికి ఇసుక తగిలినట్టు తగిలింది. పులుపు పైపూతనంతా తినేసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిపోయింది. మందు పేరు చెప్పిందాన్ని నేనే.

ఆదివారం లాడ్జి ఆసామిని వెంటబెట్టుకుని మేస్త్రి వచ్చాడు. గోడలు తెల్లగా ఉండడం చూసి అతని ముఖం వికసించింది. నేను ముందుగా అతనికి ఫోను చేసి చెప్పి ఉండాల్సింది. చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఆసామి పంచె ఎగ్గట్టి నీళ్లలో దిగి, రెండడుగులు వేసి, పైకొచ్చి అరికాలు తిప్పి చూసుకున్నాడు.

"ఏమప్పా, కొత్తపూత అంటివే?"

మేస్త్రి వంగి నీళ్లలో చెయ్యి పెట్టాడు. అరచేయి వెనక్కి తిప్పి తడిమాడు. నేనే అందుకుని పసుపు గురించీ, నిమ్మకాయల మూట గురించీ, నా తెలివి గురించీ మొదటి నుంచీ చెప్పాను. ఆసామి మర్యాదగానే విన్నాడు.

"నిమ్మకాయకు సిమెంటు అరుగుతాదా తల్లీ? మా ఇంట్లో దినామూ పిండుకొని తాగతాము" అన్నాడు.

"మేడమ్ తెచ్చిన మేస్త్రి కదా, ఎనకేసుకొస్తాండాది" అన్నాడు ప్రెసిడెంటు.

ఆసామి నవ్వి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. ఎరుపు పసుపుగా మారితే చప్పట్లు కొట్టినవాళ్లలో ఒక్కరూ ఇప్పుడు నోరు తెరవలేదు.

గేటు దాకా మేస్త్రి వెంట నడిచాను. తప్పు నాదే అన్నాను. అతను బస్సు వచ్చే దిక్కు చూశాడు.

"ఎర్రగా ఉండినా ఆయప్ప కాలికి నున్నగానే తగిలిండునమ్మా" అన్నాడు.