చిన్నాయన జరిపిన గట్టు

మా నాన్న చనిపోయిన ఏడాదే చిన్నాయన పొలం గట్టును రెండు సాళ్ల మేర మా చేనిలోకి జరిపాడు. అప్పటినుంచి చర్చిలో ప్రార్థన చెప్పేటప్పుడు, మాకు కీడు చేసినవాళ్లను క్షమించామనే మాట దగ్గర నోరు మూసుకునేవాణ్ణి. దేవుడితో అబద్ధమాడటం నా వల్ల కాలేదు.

తర్వాత మా వల్లూరు చేలు సోలార్ పార్కులో కలిశాయి. గట్టు చదునైంది గానీ నా కడుపుమంట చల్లారలేదు. నేను ప్యానెళ్లు కడిగే పనిలో చేరాను. చిన్నాయన అక్కడే వాచ్‌మన్. రోజూ ప్యానెళ్లు తుడుస్తూ, ఆ గట్టు ఏ వరుస కింద ఉండేదో వెతుక్కునేవాణ్ణి. దొరక్క ఒళ్లు మండేది.

ఒకరోజు ఉండబట్టలేక ఆయన్నే అడిగాను.

"మన గట్టు యాడుండె చిన్నాయనా?"

ఆయన వరుసల మధ్య నడిచి, ఒకచోట చెప్పుకాలితో గీత గీశాడు.

"ఈడుండె."

రెండడుగులు పక్కకు జరిగి ఇంకో గీత గీశాడు.

"మీ నాయన ఏసింది మాత్రం ఈడ. జరిపిన కాడ్నుంచి నాకూ నెమ్మది లేదప్పా."

ఆ ఆదివారం చర్చిలో, క్షమించామనే ఆ మాట పైకే పలికాను. మర్నాడు ఆ వరుస దగ్గరికి రాగానే మళ్లీ పళ్లు బిగుసుకున్నాయి. అందుకే ప్రతి ఆదివారం మళ్లీ పలుకుతున్నాను.