ఫొటోకే తొడిగిన గ్లౌజులు

ఫొటోలు తీయడం నా పని. ఈ రోజు పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీవాళ్లు పిలిస్తే వెళ్లాను. భద్రత గురించి గోడకు పెట్టే బోర్డు మీదకు పనివాళ్లతో గ్రూప్ ఫొటో కావాలట.

జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లను రెండు వరసల్లో నిలబెట్టి, యజమాని మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పెంకులోంచి కారే జీడి రసానికి వాళ్లందరి చేతులూ కాలి నల్లబడి ఉన్నాయి. కొత్త గ్లౌజులు ముందు వరసకే తొడిగించాడు. వెనక వరసను చేతులు వెనక్కి పెట్టుకోమన్నాడు. ఫొటో అవగానే గ్లౌజులన్నీ తిరిగి డబ్బాలోకి వెళ్లిపోయాయి. వాళ్లు ఎప్పటిలాగే జీడి అంటకుండా చేతులకు బూడిద రాసుకుని పిక్కల ముందు కూర్చున్నారు.

"అదేటమ్మా, ఉంచుకోవచ్చు గదా?" అని ఒకామెను అడిగాను.

"అవి ఫొటోకి బాబూ, పిక్కలకి కాదు" అంది తలెత్తకుండానే.

సాయంత్రం ఫొటో పంపగానే యజమాని ఫోన్ చేశాడు. వెనక వరసలో ఒకామె సరిగ్గా అప్పుడే కొంగు సర్దుకుందేమో, నల్లటి చెయ్యి స్పష్టంగా పడింది. అది కనబడకూడదట.

"సెయ్యొక్కటీ తీసేత్తే బాగోదండీ" అన్నాను.

"సెయ్యెందుకు బావా, మనిసినే తీసెయ్యి. దాని పేరు రికార్డుల్లో ఎలాగూ నేదు గదా."

"ఎన్నాళ్లనించి సేత్తందేటి?"

"అదా? ఫేక్టరీ ఎట్టిన కాడ్నించీ ఉంది" అన్నాడు నవ్వుతూ.

ఫొటో మళ్లీ తెరిచాను. మనిషిని తీసేయడం కంప్యూటర్లో ఎంతసేపు? కాకపోతే నాకు తీసేయాలనిపిస్తున్న మనిషి మధ్యలో కుర్చీలో కూర్చున్నాడు. ఏమంటారు, తీసేయమంటారా?