కారులో కడపటి చోటు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నోరు పడిపోయినవాడికి పక్క గది కూడా పరదేశమేనని నాకు తెలుసు. ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ ఉండగా నా కుడి చెయ్యి, కుడి కాలు, మాట ఒక్కసారే నన్ను విడిచిపోయాయి. పాతపట్నం దగ్గర మా ఊళ్ళో మా ఇంటిని ఇప్పటికీ దివాణమనే అంటారు, పైకప్పు సగం కూలినా, భూములన్నీ పోయి పెరడు మాత్రమే మిగిలినా, ఆ ఇంటి వారసుడిగా నేను ఎవరి ముందూ తల వంచలేదు, ఎవరినీ ఏదీ అడగలేదు, అలాంటివాణ్ణి మంచినీళ్ళు కావాలని కూడా అడగలేక గోడకేసి చూస్తూ నెలల తరబడి పడి ఉన్నాను.

నా భార్య సుగుణ నా మేనమామ కూతురు, చిన్ననాటి నుంచి నన్ను బావా అనే పిలుస్తుంది. నాకన్న ముందే ఆమె ప్రభువును తెలుసుకున్నది, నేను వద్దన్నా ఆదివారం ప్రార్థనకు వెళ్ళేది. ఆ రోజుల్లో నా మంచం పక్కన మోకరించి ఆమె చేసిన ప్రార్థన ఎవరూ నేర్పినది కాదు. "ప్రభువా, ఈ మనిసికి నోరు తిరిగియ్యి. మంచి మాటలు అక్కర్నేదు, నన్ను తిట్టుకోడానికైనా ఇయ్యి. ఈ ఇంట్లో సడీ సప్పుడూ నేకపోతే నేను బతకనేను."

సహోదరులారా, దేవుడు ఆ ప్రార్థనను ఎంత ఖచ్చితంగా విన్నాడో చూడండి! ఒక మధ్యాహ్నం ఆమె గంజి తాగిస్తుండగా నా నాలుక కదిలింది, "ఉప్పేదీ?" అని గద్దించాను. ఆమె గిన్నె అక్కడే వదిలేసి, ఏడుస్తూ చప్పట్లు కొడుతూ "తిట్టాడు! మా బావ తిట్టాడు!" అని వీధిలోకి పరుగెత్తింది. దేవునికి స్తోత్రం! ఆ గంజిలో నిజంగానే ఉప్పు లేదు.

ఆ వేసవిలోనే బాప్తిస్మం తీసుకున్నాను. కాలు తిరిగి వచ్చింది కాని చేతికి మా పాత కారు స్టీరింగు పట్టేంత బలం రాలేదు. అప్పుడు సుగుణ విజయనగరం వెళ్ళి, కాలేజీ పిల్లల మధ్య కూర్చుని డ్రైవింగు నేర్చుకున్నది. నేను మాత్రం మా నాన్నగారిలాగే వెనక సీటులో నిటారుగా కూర్చునేవాణ్ణి, ముందు సీటు జీతగాళ్ళదని మా ఇంట్లో మాట. మందిరంలోనైతే ఆఖరి వరుసే, విందుకు వెళ్తే కడపటి చోట కూర్చోమని ప్రభువు చెప్పాడు గనుక. కారులో కూడా వెనకే ఉంటున్నాను గదా అని తృప్తిపడేవాణ్ణి. కారులో కడపటి చోటు ముందుంటుందని నాకు తట్టనేలేదు!

రాజస్థాన్‌లో గిరిజన పిల్లల వసతిగృహం నడిపే ఒక సహోదరి, వంటకూ చదువుకూ పెద్దవాళ్ళెవరైనా వచ్చి ఉంటే బాగుండునని మా సంఘానికి కబురు పెట్టింది. మేమిద్దరమూ ఒకేసారి చెయ్యెత్తాము. అక్కడ బండి కూడా లేదని తెలిసి, మా పాత కారులోనే కుట్టుమిషను, పచ్చళ్ళ జాడీలు, రుబ్బురోలు వేసుకుని బయలుదేరాము. సంఘ పెద్ద ఒకాయన నవ్వాడు. "భోగాపురంలో ఇమానాలు దిగే కాలంలో, ఈ వయసులో కార్లో అంత దూరమేటమ్మా?"

"ఇమానంలో నా రుబ్బురోలు ఎక్కనిత్తారేటి?" అన్నది సుగుణ.

సాలూరులో టీకొట్టు ముందు ఆగితే కొట్టతను ఆమెను అడిగాడు. "డ్రైవరమ్మా, మీ దొరగారికి టీ కార్లోకిమ్మంటారా?"

"కార్లోకే ఇయ్యి బాబూ. ఆయన దిగితే దివాణం పడిపోద్ది."

నేను విననట్టే తాగాను.

ఘాటీ ఎక్కుతుంటే మంచు కమ్మేసింది, ఎదురుగా లారీల దీపాలు తప్ప ఏమీ కనబడటం లేదు. ఒక మలుపు దాటి ఆమె కారు పక్కకు తీసి ఆపేసింది, తాళం తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"బావా, ఎడంపక్క అంచు నాకు అగుపడ్డం నేదు. ముందుకొచ్చి కూకో, సూసి సెప్పు."

"ఇక్కడి నుంచే చెబుతాను, పోనీ."

"అక్కడ్నుంచి నీకు నా తలకాయే అగుపడతాది. నువ్వు రాకపోతే మంచు ఇడిసాక ఎనక్కి తిప్పేత్తాను, ఇంటికెల్లిపోదాం. ఆ పిల్లల్ని దేవుడు ఇంకొకల్లకి ఒప్పసెప్తాడు."

అది బెదిరింపు కాదని నాకు తెలుసు. కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ మంచు తీసెయ్యి, నన్ను ఈ సీటులోనే ఉండనియ్యి" అని ప్రార్థించాను, మీ ముందు అబద్ధమాడను. కళ్ళు తెరిస్తే మంచు ఇంకా చిక్కబడింది. సహోదరులారా, ఆయన మంచును తీయలేదు, నన్నే అక్కడి నుంచి తీశాడు! దిగాను, ముందు తలుపు తెరిచి ఆమె పక్కన కూర్చున్నాను.

అన్నాళ్ళూ వెనక నుంచి నేను చూసింది ఆమె నెరిసిన ముడిని, ఆ రోజు చూసింది ముఖాన్ని. పెదవులు కదులుతూనే ఉన్నాయి. చెవి పెట్టి విన్నాను. "యేసయ్యా, ఈ మలుపు. యేసయ్యా, నా బావ జాగర్త. యేసయ్యా, ఈ మలుపు." కారు ఎక్కిన ప్రతిసారీ ఆమె అలాగే నడిపిందట! నేనేమో వెనక నిటారుగా కూర్చుని, రోడ్డు బాగుందనుకున్నాను.

అద్దం దించి తల బయటికి పెట్టాను. "అంచు దూరంగానే ఉంది, పోనీ... ఆగు, రాయి ఉంది... ఆఁ, రైట్, రైట్!"

ఆ భయంలోనూ ఆమె పకపకా నవ్వింది. "ఓర్నాయనో, దివాణం దొర బస్సు కండక్టరైపోనాడు!"

దేవుడు నాకు నోరెందుకు తిరిగిచ్చాడో అక్కడ తెలిసింది, ఉప్పు అడగడానికి మాత్రం కాదు! ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల మీదుగా ఇక్కడి వసతిగృహానికి చేరేదాకా నేను ఆ సీటు వదలలేదు, భాష రాని ఊళ్ళలో చేతులు జోడించి దారి అడిగాను, ముక్కూ మొహం తెలియనివాళ్ళు పెట్టిన రొట్టెలు వాళ్ళ గుమ్మాల్లోనే కూర్చుని తిన్నాను.

ఇప్పుడు మా వెనక సీటు నిండా పిల్లలే, దివాణంలో ఎన్నడూ వినని సడి! పడిపోయినవాణ్ణి లేపి, లేచినవాణ్ణి దింపి, ఈ ముసలి దంపతులను తన పనికి వాడుకుంటున్న తండ్రికే సమస్త ఘనత.

ఈ పత్రిక చదువుతున్న ప్రియులారా, మీరు కూడా మంచు తీయమని అడుగుతున్నారేమో. ఆయన్ని నమ్మి దిగండి, మీకోసం ఒక చోటు ఖాళీగానే ఉంచాడు. ఇంకా రాయాలని ఉంది గాని, పిల్లలు ఎక్కేశారు, సుగుణ హారను కొడుతోంది. "బావా, నువ్వెక్కకపోతే బండి కదల్దు!" అంటోంది.

వస్తున్నానని కేకేశాను. ఆమెన్.